కుడి పక్కన దొరికిపోతున్నాను, ఫోర్‌హ్యాండ్ మానేయాలా?

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక పాఠకుడు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. వయసు 46, కోల్డ్ స్టోరేజీలో అకౌంట్స్ చూస్తారు. కాలేజీ రోజుల్లో టేబుల్ టెన్నిస్ జట్టులో ఆడారు. అప్పట్లో ఆయన ఆటంతా ఒక్క షాట్ మీదే నడిచేదట. బంతి ఎడమ మూలకి వచ్చినా సరే, చుట్టూ తిరిగి వెళ్ళి, అంటే బల్ల ఎడమ పక్క బయటికి జరిగి, ఫోర్‌హ్యాండ్‌తోనే (బ్యాట్ పట్టిన చేతి వైపు నుంచి కొట్టే షాట్) లైన్ మీద, అంటే పక్క గీత వెంబడి నేరుగా కొట్టేవారు. ఆ లైన్ షాట్‌కి కాలేజీలో పేరుండేది. బ్యాక్‌హ్యాండ్ (చేతిని ఒంటికి అడ్డంగా తెచ్చి కొట్టే షాట్) అంటే బంతిని ఎలాగోలా అవతలికి చేర్చడానికే. చదువైపోయాక బ్యాట్ అటకెక్కింది. కూతురు టీటీ నేర్చుకోవడం మొదలుపెట్టాక, ఆమెను దింపడానికి వెళ్ళి, చూస్తూ కూర్చోలేక మళ్ళీ తనూ బ్యాట్ పట్టుకున్నారు.

"ఎడమ మూల నుంచి నేను కొట్టే మొదటి ఫోర్‌హ్యాండ్ ఇప్పటికీ బాగానే పడుతుంది. కానీ బంతి తిరిగొస్తుంది. వచ్చేది కుడి పక్క ఖాళీలోకే. నేను అక్కడికి చేరేసరికి అది గోడ దగ్గర ఉంటుంది" అంటారు. మొదటి గేమ్ గెలిచి, తర్వాత వరసగా మూడు పోగొట్టుకోవడం అలవాటైపోయింది. క్లబ్బులో ఒక ఎడమచేతి ఆటగాడి మీద మాత్రం ఇప్పటికీ గెలుస్తున్నారు. ప్రాక్టీసులో కూతురు బంతులు అందిస్తే ఈ మూల నుంచి ఆ మూలకి బాగానే పరిగెత్తుతున్నారు. మ్యాచ్‌లో మాత్రం కాళ్ళు కదలవు.

కూతురికి పదిహేనేళ్ళు. తండ్రి మ్యాచ్‌ని ఫోన్‌లో వీడియో తీసి చూపించి, "నాన్నా, నీకు బ్యాక్‌హ్యాండ్ లేదు. ఆ సంగతి హాల్లో అందరికీ తెలిసిపోయింది" అంది. అప్పటినుంచి ఆమె లేని వేళ చూసుకుని హాలుకి వెళుతున్నారు. డబుల్స్‌లో జోడీగా ఆడే బావమరిది, "అడ్డం పడుతున్నావు బావా, ఈసారి ఉగాది టోర్నమెంట్‌కి వేరే వాళ్ళతో ఆడతాను" అన్నాడు. మెట్లెక్కుతుంటే ఎడమ మోకాలు పట్టేస్తోందని తెలిసిన భార్య, ఈ వయసులో ఈ ఎగురుళ్ళేంటని రోజూ గొడవ. "కాళ్ళు పోయాయని ఒప్పుకుని ఫోర్‌హ్యాండ్ మానేయాలా? ఇప్పుడు కూర్చుని బ్యాక్‌హ్యాండ్ నేర్చుకోవాలా? అసలు ఆటే మానేయాలా?" అని అడిగారు.

సమాధానం

మీ కాళ్ళు పోయాయని మీరు తీర్పు చెప్పేసుకున్నారు. అయితే మీరు రాసిన వివరాలే ఆ తీర్పుకి అడ్డొస్తున్నాయి. కాళ్ళే పోయి ఉంటే ఎడమచేతి ఆటగాడి మీద కూడా ఓడిపోవాలి. మీ అమ్మాయి బంతులు అందించినప్పుడు కూడా ఆగిపోవాలి. మొదటి గేమ్‌లోనే తేలిపోవాలి కూడా. ఈ మూడు సంగతులనీ ఒకచోట పెట్టి చూద్దాం.

ముందు ఆ ఎడమచేతి ఆటగాడి సంగతి. మీరు కుడిచేతి వాటం. ఎడమ మూల నుంచి లైన్ మీద కొడితే, ఆ బంతి ఎదురుగా ఉన్న కుడిచేతి ఆటగాడికి సరిగ్గా ఫోర్‌హ్యాండ్‌లో పడుతుంది. అక్కడి నుంచి అతను ఏమీ ఆలోచించకుండా తన క్రాస్‌లో, అంటే మూల నుంచి ఎదురు మూలకి ఏటవాలుగా ఆడితే చాలు, బంతి మీ కుడి మూలకి, ఇంకా చెప్పాలంటే కుడి పక్క గీత దాటి బయటికి వెళ్ళిపోతుంది. మీరేమో బల్లకి ఎడమ పక్క అరమీటరు బయట ఉంటారు. బల్ల వెడల్పు 1.525 మీటర్లు. బంతి ఇంకో అరమీటరు అవతలికి పోయిందనుకుంటే, మీరు రెండున్నర మీటర్ల అవతల ఉన్నదాన్ని అందుకోవాలి. కాలేజీ కుర్రాడైనా అది రోజూ అందుకోలేడు. అదే లైన్ షాట్ ఎడమచేతి ఆటగాడికి బ్యాక్‌హ్యాండ్‌లో పడుతుంది. క్లబ్ స్థాయిలో బ్యాక్‌హ్యాండ్‌తో అంత కోణం, అంత వేగం రాబట్టేవాళ్ళు తక్కువ. అందుకే అతని మీద గెలుస్తున్నారు. ఇద్దరితో ఆడిందీ అవే కాళ్ళు. షాట్ పడిన చోటే తేడా.

ఇప్పుడు అదే ఫోర్‌హ్యాండ్‌ని ఎడమ మూల నుంచి క్రాస్‌లో, అంటే కుడిచేతి ఆటగాడి బ్యాక్‌హ్యాండ్ మూలకి కొట్టారనుకోండి. అతను మీ కుడి పక్కకి ఆడాలంటే లైన్ మీదే ఆడాలి. బల్ల పొడవు 2.74 మీటర్లు, మూల నుంచి మూలకి దాదాపు 3.14 మీటర్లు. అంటే క్రాస్‌తో పోలిస్తే లైన్‌లో అతనికి బల్ల నలభై సెంటీమీటర్లు తక్కువ దొరుకుతుంది. ఒకవేళ పెట్టినా ఆ బంతి పక్క గీతకి సమాంతరంగానే వస్తుంది, బల్ల దాటి బయటికి విసిరేసినట్టు పోదు. క్రాస్‌లోనే తిప్పి కొడితే అది మీరు నిలబడ్డ ఎడమ మూలకే వస్తుంది. కాబట్టి ఒకే పరుగు, ఒకే కాళ్ళు. బంతి పెట్టే చోటు మారితే తర్వాత మీరు కాపాడుకోవలసిన మేర బాగా తగ్గిపోతుంది.

మూడో చోటు ఇంకోటుంది. అది చాలామందికి తెలిసినా చప్పట్లు రావని వాడరు: ఎదుటివాడి మోచేయి. ఫోర్‌హ్యాండ్ వేయాలా బ్యాక్‌హ్యాండ్ వేయాలా అని అతను ఒక్క క్షణం తడబడే చోటు అదే. పైగా బల్ల మధ్య నుంచి అతనికి పెద్ద కోణాలు దొరకవు. మోచేయి అన్నాను కదా అని బల్ల మీది మధ్య గీతకి గురిపెట్టకండి. అతను పక్కకి జరిగితే మోచేయీ జరుగుతుంది. చూడాల్సింది మనిషిని.

మరి లైన్ షాట్ పనికిరాదా? పనికొస్తుంది. బంతి ఎత్తుగా లేచి, ఆ ఒక్క దెబ్బతో పాయింట్ అయిపోతుందన్నప్పుడు కొట్టండి. మీరు వరసగా క్రాస్‌లో కొట్టి కొట్టి, అతను బ్యాక్‌హ్యాండ్ పక్కకి ఒరిగి కాచుకుని ఉన్నప్పుడూ కొట్టండి. మీరు దాన్ని పాయింట్ మొదలుపెట్టడానికి వాడుతున్నారు. చిక్కంతా అక్కడే ఉంది.

కాలేజీలో అది ఎలా పనిచేసిందని మీరు అడగొచ్చు. మీరు బ్యాట్ అటకెక్కించాక ఈ ఆటలో చాలా మారింది. 2000లో బంతి 38 మిల్లీమీటర్ల నుంచి 40 మిల్లీమీటర్లకి పెరిగింది. పెద్ద బంతికి గాలి ఎక్కువ అడ్డుపడుతుంది, వేగం, స్పిన్ రెండూ కొంత తగ్గుతాయి. 2001లో 21 పాయింట్ల గేమ్ 11కి దిగింది. అయిదేసి సర్వీసులు పోయి రెండేసి అయ్యాయి. మీరు ఉత్తరంలో ఇష్టంగా గుర్తుచేసుకున్న స్పీడ్ గ్లూ అనే జిగురు, మ్యాచ్‌కి ముందు రబ్బర్‌కి పూసుకుని టప్పుమనే చప్పుడుతో కొట్టేది, 2008లో నిషేధించారు. 2014 నుంచి సెల్యులాయిడ్ బంతి స్థానంలో ప్లాస్టిక్ బంతి వచ్చింది. బంతిలో, రబ్బర్‌లో వచ్చిన మార్పులన్నీ ఒకే పక్కకి తోశాయి. అప్పట్లో తిరిగిరాని బంతి ఇప్పుడు తిరిగొస్తోంది. అప్పుడు మీ లైన్ షాట్ తర్వాత రెండో షాట్ అవసరం పడేది కాదు కాబట్టి, కొట్టాక ఎక్కడ నిలబడాలన్న ప్రశ్న మీకెప్పుడూ రాలేదు. ఇప్పుడు వచ్చింది. మీ షాట్ ముసలిదైపోలేదు, దాని తర్వాత ఆట మిగిలి ఉంటోంది, అంతే.

ఇక వీడియో సంగతి. మీరు ఒక్క వాక్యంలో రాసి దాటేశారు: "కొట్టాక నా బంతి వైపే చూస్తూ ఒక క్షణం బొమ్మలా నిలబడి ఉన్నాను" అని. నాకు ఉత్తరం మొత్తంలో విలువైన వాక్యం అదే. ఆ వీడియోని మళ్ళీ తెరిచి, ఎదుటివాడి బ్యాట్‌కి బంతి తగిలే చోట ఆపండి. అప్పుడు మీ బ్యాట్ ఎక్కడుంది? ఎడమ భుజం దాటి చెవి దగ్గర ఉంటే ఊపు ఎక్కువైందని అర్థం. మీ ఎడమ మడమ నేలకి ఆని ఉందా? ఆని ఉంటే అక్కడి నుంచి కదలడానికి ముందు మడమ లేపాలి, ఆ తర్వాతే తోయాలి. ఆ లేపే లోపే బంతి మీ పక్క పడిపోతుంది. ఎదుటివాడు బంతిని తాకే క్షణానికి మీ రెండు పాదాలూ ముందు భాగం మీద తేలికగా ఉండాలి. మంచి ఆటగాళ్ళు ఆ క్షణంలో చిన్నగా ఒక గెంతు గెంతుతారు, చూసేవాళ్ళకి కనిపించీ కనిపించనట్టు. మీ ఎడమ మూల షాట్ బరువునంతా ఎడమ కాలి మీదకి తెస్తుంది. ఆ కాలినే నేలకి తన్ని కుడి పక్కకి బయల్దేరాలి. బరువు చేరడం, తోయడం ఒకే పనిగా జరగాలి. మధ్యలో షాట్‌ని మెచ్చుకునే విరామం ఉండకూడదు.

కొట్టాక బల్ల మధ్యకి పరిగెత్తి రావాలని మన హాళ్ళలో చాలామంది చెబుతారు. అది సగం నిజమే. మీరు రావలసింది బల్ల మధ్యకి కాదు, ఎదుటివాడు ఆడగల బంతులన్నిటికీ మధ్యకి. ఎడమ నుంచి క్రాస్‌లో కొడితే ఆ మధ్య అనేది బల్ల మధ్య గీతకి కొంచెం ఎడమగానే ఉంటుంది, మీకు రెండు చిన్న పక్క అడుగులు చాలు. లైన్‌లో కొడితే ఆ మధ్య అనేది కుడి పక్కకి వెళ్ళిపోతుంది. అక్కడికి మీరు చేరలేరు.

ఇంకో చిన్న సంగతి, పాదాల దగ్గర. చుట్టూ తిరిగేటప్పుడు ముందు ఎడమ పాదం బయటికి పడాలి, వెంటనే కుడి పాదం వెనక్కి రావాలి. చాలామంది మొదటి సగం చేసి రెండో సగం మరిచిపోతారు. కుడి పాదం వెనక్కి రాకపోతే ఛాతీ బల్లకి ఎదురుగానే ఉంటుంది. ఆ నిలకడలో చెయ్యి ఊపితే బంతి లైన్ మీదకే పోతుంది, క్రాస్‌లోకి తిప్పడానికి చోటుండదు. మీకు లైన్ షాట్ మీద ప్రేమ ఎక్కువ అనుకుంటున్నారు గానీ, కుడి పాదం బద్ధకం వల్ల మీ చేతికి వేరే దారి మిగలడం లేదేమో కూడా చూడండి. వీడియోలో అదీ తెలిసిపోతుంది.

మొదటి గేమ్ గెలిచి తర్వాతివి పోవడానికి కారణం కూడా మీరే చెప్పారు. "సర్వీస్ చేయగానే మూలకి వెళ్ళిపోతాను" అన్నారు. మొదటి గేమ్‌లో అది వాళ్ళకి కొత్త. రెండో గేమ్ నుంచి వాళ్ళు మిమ్మల్ని చూసి పుష్‌ని, అంటే నెమ్మదిగా తోసి పంపే షాట్‌ని, మీ కుడి పక్కకి నెడుతున్నారు. పెరటి తలుపుకి తాళం వేసి వీధి తలుపు బార్లా తీసి కూర్చున్నట్టుంది మీ పని. వెళ్ళాలన్న నిర్ణయం సర్వీస్‌తో పాటు తీసుకోకండి. ఎదుటివాడి బ్యాట్ ముఖం ఎటు తిరిగిందో చూశాక తీసుకోండి. అప్పుడు ఆలస్యమైపోతుందని భయమేస్తుంది. పుష్ నెమ్మదిగా వచ్చే బంతి, దానికి టైమ్ ఉంటుంది. వేగంగా మూలలోకి దూసుకొచ్చే బ్లాక్‌కి (బ్యాట్ అడ్డుపెట్టి తిప్పి పంపిన బంతికి) మాత్రం ఉండదు. దాని చుట్టూ తిరగబోవడమే ఇప్పుడు మిమ్మల్ని చంపుతోంది.

సర్వీస్ ఎక్కడ పెడుతున్నారో రాయలేదు. అతని కుడి పక్కకి వెడల్పుగా పెడుతుంటే, ఆ కోణాన్ని మీరే అతని చేతికి ఇస్తున్నారు. చుట్టూ తిరిగే ఉద్దేశం ఉన్నప్పుడు పొట్టిగా, కింది స్పిన్‌తో అతని బ్యాక్‌హ్యాండ్‌కో మధ్యకో పెట్టండి. పుష్ చాలాసార్లు మీకు కావలసిన చోటికే వస్తుంది.

ఇప్పుడు మీ ప్రశ్నలకి వద్దాం. మీ ముందున్నవి మూడు దారులు. దేనికి ఎంత ఖర్చో చెబుతాను, ఎంచుకోవడం మీ పని.

ఫోర్‌హ్యాండ్‌ని అలాగే ఉంచుకుని, చుట్టూ తిరగడాన్ని తగ్గించడం ఒక దారి. నెమ్మది బంతులకే తిరగాలి. మొదటి షాట్ క్రాస్‌కో మోచేతికో పెట్టాలి. ఇంకొక మార్పు కూడా కావాలి: మొదటి షాట్‌ని స్మాష్‌గా కాకుండా, కొంచెం నెమ్మదిగా, స్పిన్ బాగా ఎక్కించి, బల్ల చివరన పడే లూప్‌గా ఆడాలి. బంతి నెమ్మదిగా వెళితే తిరిగి రావడానికీ టైమ్ పడుతుంది. ఆ టైమ్ మీ కాళ్ళకి జమ అవుతుంది. పిడుగులా కొడితే పిడుగులాగే వస్తుంది. ఇది తొందరగా ఫలితమిచ్చే దారి, ఎందుకంటే మీరు కొత్త షాట్ నేర్చుకోవడం లేదు. ఖర్చేమిటంటే, హాల్లో "కొట్టన్నా" అని అరిచేవాళ్ళకి మీ ఆట చప్పగా కనిపిస్తుంది. మన క్లబ్బుల్లో చప్పట్లన్నీ లైన్ మీద పడే స్మాష్‌కే. ఇంకో ఖర్చు, కొన్నాళ్ళకి ఎదుటివాళ్ళు మీ ఎడమ మూలలోకి పొడుగాటి ఫాస్ట్ సర్వీసులు వేయడం మొదలుపెడతారు. అప్పుడు ఏదో ఒక బ్యాక్‌హ్యాండ్ కావాల్సిందే.

అది రెండో దారి. ఏదో ఒకటి అన్నాను గానీ, మీ అమ్మాయి కొట్టే బ్యాక్‌హ్యాండ్ లాంటిది మీకు అక్కర్లేదు. వేగంగా వచ్చిన బంతిని బ్యాట్ అడ్డుపెట్టి, మణికట్టు బిగించి, ఎదుటివాడి మోచేతికో మూలకో నిలకడగా చేర్చే బ్లాక్ చాలు. నిజమే, నేర్చుకునే రోజుల్లో ఇప్పుడు గెలుస్తున్న మొదటి గేమ్ కూడా పోతుంది. బంతి వచ్చిన ప్రతిసారీ ఏ పక్క వాడాలా అని తటపటాయింపు ఉంటుంది, దానివల్ల ఫోర్‌హ్యాండ్ కూడా కొంతకాలం తప్పుతుంది. ఉగాదికి ముందు మొదలుపెడితే ఆ టోర్నమెంట్‌ని వదులుకున్నట్టే. మిర్చి సీజన్‌లో మీకెలాగూ రాత్రి దాకా లెక్కలే, ప్రాక్టీసుకి గంట దొరకడమే గొప్ప. సీజన్ తగ్గాక మొదలుపెట్టడం మేలేమో. కాకపోతే మే నెలలో గుంటూరు హాల్లో, బంతి ఊగుతుందని ఫ్యాన్లు కట్టేసి ఆడాలి, ఆ కష్టం మీకు నేను చెప్పక్కర్లేదు.

మూడోది, ఎవరైనా మీకు చెప్పే ఉంటారు: బ్యాట్‌కి బ్యాక్‌హ్యాండ్ వైపు లాంగ్ పింపుల్స్, అంటే పొడుగాటి మొలకలు పైకి తేలి ఉండే రబ్బర్ వేయించుకోవడం. మన దేశపు క్రీడాకారిణి మణికా బాత్రా 2018 కామన్వెల్త్ గేమ్స్‌లో స్వర్ణం గెలిచింది అలాంటి రబ్బర్‌తోనే. ఎదుటివాడి స్పిన్ తిరగబడి వెళుతుంది, బంతి నెమ్మదిగా వంకరగా తిరిగొస్తుంది, మీ ఫోర్‌హ్యాండ్‌కి తేలిక బంతులు దొరుకుతాయి. క్లబ్ స్థాయిలో గెలుపులు పెరుగుతాయి. అయితే మీ అమ్మాయితో మామూలు ర్యాలీ ప్రాక్టీసు చెడుతుంది, ఆమె కోచ్ ఒప్పుకోకపోవచ్చు కూడా. నా మాట అడిగితే, మీ జబ్బు అది కాదు కాబట్టి ఆ మందు ఇప్పుడే వద్దు.

మొత్తం బల్లని ఫోర్‌హ్యాండ్‌తోనే ఆడి గెలిచినవాళ్ళు లేరా అంటే ఉన్నారు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ ఫైనల్లో దక్షిణ కొరియా ఆటగాడు ర్యూ సుంగ్-మిన్, పెన్‌హోల్డ్ పట్టుతో (కలం పట్టినట్టు బ్యాట్ పట్టుకుని), చైనా వాంగ్ హావోని ఆ కాళ్ళతోనే ఓడించాడు. అప్పుడతని వయసు 22, పని అదొక్కటే. అలాగని వయసుని సాకుగా పెట్టుకోనక్కర్లేదు. మన దేశపు ఆటగాడు శరత్ కమల్ బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ గేమ్స్‌లో సింగిల్స్ స్వర్ణం గెలిచింది 2022లో, నలభై ఏళ్ళు నిండాక. ఆయన కూడా 38 మిల్లీమీటర్ల బంతితో ఆట నేర్చుకున్న తరమే. మారిన ప్రతిదానికీ సర్దుకుంటూ వచ్చారు.

ఏ దారి ఎంచుకున్నా మీకు పనికొచ్చే ప్రాక్టీస్ ఒకటి చెబుతాను. స్వీడన్‌లోని ఫాల్కెన్‌బెర్గ్ అనే ఊరి పేరుతో దాన్ని పిలుస్తారు, మీ అమ్మాయికి తెలిసే ఉంటుంది. మొదటి బంతి ఎడమ మూలకి, బ్యాక్‌హ్యాండ్‌తో ఆడతారు. రెండోదీ అక్కడికే, చుట్టూ తిరిగి ఫోర్‌హ్యాండ్‌తో. మూడోది కుడి మూలకి. మీ ఆటలో పాడైన చోటు సరిగ్గా రెండో బంతికీ మూడో బంతికీ మధ్య ఉంది. కాకపోతే మీరు వరస తెలిసిన డ్రిల్లులో బాగానే పరిగెత్తుతున్నారు కాబట్టి, కొన్నాళ్ళయ్యాక మూడో బంతిని ఆమె ఇష్టానికి వదిలేయండి, ఎడమకో కుడికో చెప్పకుండా వేయమనండి. ప్రాక్టీసుకీ మ్యాచ్‌కీ మీకున్న తేడా అదే. ప్రాక్టీసులో బంతి ఎక్కడికొస్తుందో ముందే తెలుసు, మ్యాచ్‌లో చూసి తెలుసుకోవాలి. మీరు చూడాల్సిన సమయంలో మీ షాట్‌ని చూసుకుంటున్నారు.

కుడి పక్క చాలా దూరంగా పడిన బంతికి ఒక మాట. దానికి ఎడమ కాలిని కుడి కాలి ముందు నుంచి దాటించి అందుకోవాలి. అందుకున్నా దాన్ని స్మాష్ చేయబోకండి. ఎత్తుగా, పొడుగ్గా, బల్ల చివర పడేలా తిప్పి పంపితే చాలు, మీరు మళ్ళీ నిలబడటానికి టైమ్ దొరుకుతుంది. అక్కడి నుంచి కొట్టబోయి బయటికి పోగొట్టుకుంటున్న పాయింట్లు మీకు బాగానే ఉండి ఉంటాయి.

మోకాలి విషయంలో మీ ఆవిడ గొడవలో న్యాయం ఉంది. చుట్టూ తిరిగి కొట్టినప్పుడు బరువంతా ఎడమ కాలి మీద పడుతుంది. బూటు నేలకి అతుక్కుని పాదం కదలకుండా ఉండి ఒళ్ళు మాత్రం తిరిగితే ఆ మెలిక మోకాలి మీద పడుతుంది. మీరు ఆడేది గచ్చు నేల అని రాశారు. రన్నింగ్ షూస్‌తో ఆడుతుంటే మానేయండి. వాటి అడుగు ఎత్తుగా, మెత్తగా ఉంటుంది, పక్క అడుగులకి చీలమండ మెలిక పడే ప్రమాదం. పలచటి గమ్ సోల్ ఉన్న ఇండోర్ బూట్లు తీసుకోండి. దుమ్ముకి జారకుండా చాలామంది బల్ల పక్కన తడిగుడ్డ పెట్టుకుని బూట్లు అద్దుకుంటారు, అదీ మంచిదే. అయితే నొప్పి మెట్ల దాకా వచ్చిందంటే బూట్లతో పోయేది కాకపోవచ్చు. ఎముకల డాక్టర్‌కి చూపించండి. మోకాలు వాచినా, మధ్యలో బిగుసుకుపోయినా డాక్టర్ చెప్పేదాకా చుట్టూ తిరగడం పూర్తిగా ఆపండి. ఆ రోజులు బ్లాక్ నేర్చుకోవడానికి సరిపోతాయి, దానికి పరుగు అక్కర్లేదు.

అమ్మాయి మాట మీకు గుచ్చుకుంది. పదిహేనేళ్ళ పిల్ల తండ్రితో అలా అనకూడదని మీరు రాయలేదు, కానీ ఉత్తరమంతా ఆ బాధే ఉంది. ఆమె అడక్కుండానే వీడియో తీసింది, కూర్చుని చూసింది, తప్పెక్కడో చెప్పబోయింది. మాట కటువుగా వచ్చింది, సగమే సరిగ్గా వచ్చింది కూడా: బ్యాక్‌హ్యాండ్ లేకపోవడం నిజం, ఓడిపోవడానికి మొదటి కారణం మాత్రం అది కాదు. ఆమె లేని వేళ చూసుకుని వెళ్ళడం వల్ల మీరు పోగొట్టుకుంటున్నది హాల్లో మీకు దొరికే మంచి ప్రాక్టీస్ జోడీని. మళ్ళీ వెళ్ళి, "మూడో బంతి నువ్వు చెప్పకుండా వేయి, నేను ఎక్కడ నిలబడుతున్నానో చెప్పు" అని అడగవచ్చు. అలా అడిగితే కొన్నాళ్ళు ఆమె చెప్పడం, మీరు వినడం అవుతుంది. అది మీకు పడకపోతే నిజాయితీగా ఒప్పుకుని ఇంకొకరిని చూసుకోండి. అలాగే ఉండి ప్రతి సలహాకీ ముఖం ముడుచుకుంటే ఇంట్లోనూ చెడుతుంది. అది ఆటకి మించిన నష్టం.

ఇక బావమరిది. సింగిల్స్‌లో మీ కొంప ముంచుతున్న అలవాటు డబుల్స్‌లో అంత ఖరీదైంది కాదు. అక్కడ ఇద్దరూ వంతులవారీగా కొట్టాలి కాబట్టి, మీరు ఎడమ మూల నుంచి కొట్టాక తర్వాతి బంతి మీది కాదు, ఆయనది. కుడి పక్క ఖాళీని చూసుకునే పని ఆయనకే వస్తుంది. మీరు చేయాల్సిందల్లా తప్పుకోవడం. ఆయన "అడ్డం పడుతున్నావు" అన్నది మీ ఫోర్‌హ్యాండ్ గురించి అయి ఉండదు. కొట్టగానే సింగిల్స్ అలవాటుతో బల్ల మధ్యకి వచ్చేస్తున్నారు, ఆయన ముందుకి రావలసిన దారిలో మీరుంటున్నారు. కొట్టాక ఎడమ పక్కగా వెనక్కి తగ్గండి, ఆయన ఆడాక ఆయన వెనక నుంచి తిరిగి రండి. షాట్‌ని కూడా ఇప్పుడే కొట్టి ఇంకా పక్కకి తప్పుకోని ఎదుటి ఆటగాడి మీదకే పెట్టండి. అతని జోడీ అతన్ని దాటుకుని రావాలి, వాళ్ళిద్దరూ ఒకరికొకరు అడ్డం పడతారు.

ఈ సంగతి బావమరిదితో మాటల్లో చెప్పకండి, ఒక సాయంత్రం పిలిచి రెండు గేమ్‌లు ఆడి చూపించండి. ఒప్పుకుంటే ఉగాదికి డబుల్స్ ఉంది, మోకాలికి కూడా అది సింగిల్స్ కన్నా తేలిక. ఈసారికి వేరేవాళ్ళతో మాట ఇచ్చేశానంటే వదిలేయండి, ఇంట్లో మనిషితో జోడీ కోసం పట్టుపట్టనక్కర్లేదు. మీరు సింగిల్స్‌కి పేరిచ్చి, ఆ ఎడమచేతి ఆయన్ని డబుల్స్‌కి అడగండి. కుడి, ఎడమ చేతుల జోడీకి ఒకరికొకరు అడ్డం వచ్చే బాధ తక్కువ.